సబ్బు తగలని సీసా

పోయిన నెల మా అక్క కంటికి శుక్లాలు తీయించాలని నంద్యాలలో ఒక కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, ఆపరేషనుకు ముందు రక్తమూ మూత్రమూ పరీక్ష చేయించుకు రమ్మని పక్క వీధిలోని లేబరేటరీకి పంపారు. అక్కడి అమ్మాయి, మా మనవరాలి ఈడు ఉంటుందేమో, సీలు వేసిన కవరులోంచి ఎర్ర మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసి మా అక్క చేతికిచ్చింది. మా అక్కకు చూపు సరిగా ఆనదు కదా, ఆ డబ్బాను చేతుల్లో అటూ ఇటూ తడిమి, మూత తీసి, లోపల చూపుడు వేలు పెట్టి రాసి, ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఆ అమ్మాయికి నవ్వు ఆగలేదు. "కొత్తదే అవ్వా, ఎవురూ వాడింది కాదు" అంది. ఇంకో డబ్బా కూడా తీసి ఇచ్చింది, వేలు పెట్టింది పనికిరాదని. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా అక్క ఏం వెతుకుతోందో నాకొక్కదానికే తెలుసు.

అదే గదిలో గోడవారగా కూర్చుని ఆ అమ్మాయి చేసే పని చూశాను. నేనూ ఈ పనిలోనే తల నెరిపించుకున్నదాన్ని కాబట్టి కళ్లు అటే పోతాయి. రంగురంగుల గళ్లున్న సన్నటి పట్టీ ఒకటి డబ్బాలో ముంచింది, తీసి యంత్రంలో పెట్టింది, చీటీ బయటికొచ్చింది. అంతే. మంట లేదు, పొగ లేదు, వాసన లేదు. మన కాలంలో లేబరేటరీ అంటే ముందు గుర్తొచ్చేది ఆ వాసనే. స్పిరిట్ దీపం మీద గాజు గొట్టంలో మూత్రం మరుగుతుంటే వచ్చే ఆ ఘాటు మా చీరలకు, జడలకు, చివరికి మధ్యాహ్నం తినే అన్నానికి కూడా పట్టేది. పెళ్లయిన కొత్తలో మా ఆయన నా కొంగు వాసన చూసి ఈ రోజు ఎంతమందొచ్చారో చెప్పేవాడు, తమాషాగానే అనుకోండి.

ఇప్పటి పిల్లలకు ఈ డబ్బాలు వచ్చాయి గానీ, అప్పుడు ఎవరి మూత్రం వాళ్లే, ఎవరి సీసా వాళ్లే. ఆళ్లగడ్డలో నేను పనిచేసిన రోజుల్లో జనం తెచ్చిన సీసాలన్నీ దాచి ఉంటే పెద్ద ప్రదర్శన పెట్టొచ్చు. అత్తరు బుడ్లు, కొబ్బరినూనె సీసాలు, దగ్గుమందు సీసాలు, ఊరగాయ జాడీలు వచ్చేవి. సంజామల నుంచి ఒక పెద్దాయన ఇత్తడి చెంబు నిండా పట్టి, పైన గుడ్డ కట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు, తక్కువైతే పరీక్షకు చాలదేమోనని. ఆడవాళ్లయితే సీసాను కొంగు కింద దాచుకుని వచ్చి, అదేమిటో నోటితో చెప్పలేక, "నీళ్లు తెచ్చినామ్మా" అని బల్ల మూలన పెట్టి గోడకేసి తిరిగి నిలబడేవాళ్లు. ఇవన్నీ చెప్పుకుని నవ్వుకోవచ్చు. నేను కూడా చాలామందితో చెప్పి నవ్వించాను. కానీ మా ఇంటి సీసా సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి అడ్డమున్న మనిషి లేదు.

మాది శిరివెళ్లకూ ఆళ్లగడ్డకూ నడుమ ఒక పల్లె. నాయన అహోబిలం అడవి నుంచి వెదురు తెచ్చే బండ్ల వెంట పనికి పోయేవాడు, అమ్మ చేన్లకు కూలికి పోయేది. ఆదివారం మాత్రం ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని మమ్మల్ని చెరో చేయి పట్టుకుని గుడికి తీసుకుపోయేవాళ్లు. మాది చర్చే, కానీ మా ఊళ్లో దానిని గుడి అనే అంటారు. అక్క నాకంటే చాలా పెద్దది. మా పేటలో పది పాసైన మొదటి ఆడపిల్ల. పాదిరిగారి భార్య చెబితే నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టింది, మాటల పరీక్షకు, అదే ఇంటర్వ్యూకు, పోయి నెగ్గి వచ్చింది, ఇక డాక్టరీ పరీక్ష ఒక్కటి దాటితే తెల్ల చీర కట్టుకోవడమే. ఆ వారమంతా మా అక్క నడక మారిపోయింది. ఎవరికి దెబ్బ తగిలినా గుడ్డ తీసుకుని తయారు. నా మోకాలికి ఏమీ కాకపోయినా కట్టు కట్టి, విప్పి, మళ్లీ కట్టేది.

పొద్దున లేవగానే పట్టిన మూత్రం తెమ్మని ఆసుపత్రివాళ్లు రాశారు. ఎట్లా తీసుకుపోవాలో అమ్మకు తెలియక, ఆళ్లగడ్డలో మాకు తెలిసిన కాంపౌండరును అడిగింది. ఆయన ఊరికే ఉండకుండా, "సబ్బు తగిలిన సీసా ఒద్దుమ్మే, పరీక్ష చెడిపోతాది" అని చెప్పాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. మా అమ్మ చదువుకోలేదు గానీ చెప్పిన మాటను తు.చ. తప్పకుండా చేసే మనిషి. ఇంటికి వచ్చి ఉన్న సీసాలన్నీ ముందేసుకుని కూర్చుంది. కిరసనాయిలు సీసా పనికిరాదు. ఆముదం సీసాను ఎప్పుడో సబ్బుతో కడిగింది. కొబ్బరినూనెదీ అంతే. ఇంట్లో పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సబ్బు తగలని సీసా ఒక్కటే ఉంది, తేనె సీసా. నాయన అడవికి పోయినప్పుడల్లా చెంచుల దగ్గర తెచ్చిన తేనె దాంట్లోనే పోసేది, దగ్గొస్తే చెంచాడు ఇచ్చేది. అడుగంటకముందే మళ్లీ తేనె వచ్చేది కాబట్టి దాన్ని ఎప్పుడూ కడగలేదు. పైగా దానికి బిరడా గట్టిగా పడుతుంది, బస్సు కుదుపులకు కారదు.

అమ్మ ఆ సీసాలో మిగిలిన తేనెను గిన్నెలోకి వంచి, సీసాను దండెం కింద తలకిందులుగా నిలబెట్టింది. నీళ్లతో తొలవలేదు. నీళ్ల చుక్క లోపల నిలిస్తే మూత్రం పలచబడి పిల్లకేదో తక్కువుందని రాస్తారేమోనని ఆమె భయం. తేనె మందు కదా, మందు దేన్నీ చెడగొట్టదు కదా అని ఆమె ధైర్యం. గిన్నెలోని తేనె మేమిద్దరం వేళ్లతో నాకి తిన్నాం. ముక్కుకు అంటుకుంటే అక్క నా ముక్కు తుడిచి ఆ వేలు కూడా నాకింది. మా అక్క తీపి తినడం అదే ఆఖరు.

ఆ ఆసుపత్రి పేరు రాయను. నంద్యాల దాటి పోవాలి, అంతవరకే చెప్తాను. అక్కడేం జరిగిందో అక్క నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. వరండాలో ఆడపిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టారట. కిటికీలోంచి లోపల ఒకాయన నీలం మందు పోసిన గొట్టాల్లో ఒక్కొక్కరి మూత్రం చుక్కలేసి మంట మీద కాచడం కనిపిస్తోందట. అందరివీ నీలంగానే ఉన్నాయి. అక్కది మాత్రం మంట తగలగానే పచ్చబడి, పసుపయి, నారింజరంగు తిరిగి, చివరికి ఇటుకలాగా ఎర్రగా గడ్డకట్టింది. అందరికంటే తనదే బాగా వచ్చిందని మా అక్క సంతోషపడిందట. పక్కనున్న పిల్లకు చూపించి, "ఆ ఎర్రది నాదే" అని కూడా చెప్పిందట. ఈ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ పళ్లు నూరుకోవాలనిపిస్తుంది.

కాసేపటికి పిలిచి, నీకు చక్కెర వ్యాధి ఉంది, నర్సు పనికి పనికిరావు అని చెప్పి పంపేశారు. మనిషి బక్కచిక్కిందా, దాహమవుతోందా, మాటిమాటికీ ఒకటికి లేస్తోందా అని ఎవరూ అడగలేదు. చెరుకుగడలాగా నిలబడిన పిల్లకు అంత చక్కెర ఎట్లా వచ్చిందబ్బా అని ఒక్క తలలోనూ మెదల్లేదు. నాయన చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, చెప్పినదానికల్లా తలూపి, పిల్లను వెంటబెట్టుకుని వచ్చేశాడు. నాయన మీద కూడా నాకు కోపమే. ఆ రోజుల్లో తెల్లకోటు ముందు నోరెత్తే కూలివాడు ఎక్కడున్నాడని మీరంటారు. నిజమే. అయినా కోపమే.

ఊళ్లో సంగతి పాకింది. అప్పటికి చక్కెర వ్యాధి అంటే మేడల్లో ఉండేవాళ్లకు వచ్చే జబ్బు. "కూలోళ్ల ఇంట్లో షుగరేందీమే, అది దొరల రోగం గదా" అని బావి దగ్గర నవ్వినవాళ్లున్నారు. దొరసాని అని పేరు పెట్టారు అక్కకు. పెళ్లి మాట తెచ్చినవాళ్లు ఇది తెలిసి వెనక్కి పోయారు. అక్క అమ్మ వెంట చేన్లకు పోవడం మొదలుపెట్టింది. పది పాసైన పిల్ల శనగ పీకుతుంటే, వేరుశనక్కాయలు ఒలుస్తుంటే, మా అమ్మ మొగం చూడలేకపోయేదాన్ని.

ఆ అమ్మే ఒక పట్టు పట్టింది, నా బిడ్డను నేను చావనివ్వను అని. ఎవరో చెప్పారు కాకరకాయ రసం తాగితే ఆ వ్యాధి కట్టుబడుతుందని. ఇక రోజూ తెల్లవారకముందే రోటి చప్పుడు. కాకరకాయలు నూరి, గుడ్డలో పిండి, గ్లాసులో పోసి అక్క ముందు నిలబడేది. అక్క తాగి గ్లాసు బోర్లించి చూపించిందాకా కదిలేది కాదు. కాకరకాయలు దొరకని రోజుల్లో వేపాకు. ఇంట్లో బెల్లం పెట్టడమే మానేసింది. క్రిస్మస్‌కు అందరి ఇళ్లల్లో అరిసెలు చేస్తుంటే మా ఇంట్లో కారాలు మాత్రమే. నాకు దొంగతనంగా పక్కింటి అవ్వ అరిసె పెడితే, వాసన రాకుండా నోరు కడుక్కుని ఇంట్లోకి వచ్చేదాన్ని.

మా అక్క చావలేదు. చావడానికి రోగముంటే కదా. కానీ అది మా అమ్మ చేతి మహిమే అయింది. ఏటా కోతల పండుగ నాడు గుడిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పేది, డాక్టర్లు పనికిరాదన్న బిడ్డను ప్రభువు దయవల్ల, తన రోటి రసం వల్ల బతికించుకున్నానని. జనం ఆమెన్ అనేవాళ్లు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి నిజంగా వ్యాధి ఉన్నవాళ్లు కూడా వచ్చి మా అమ్మ దగ్గర ఎట్లా నూరాలో నేర్చుకుపోయేవాళ్లు. కూలి ఆడది అని నీళ్లు కూడా అడగనివాళ్లు వాకిట్లో కూర్చుని అమ్మా అని పిలిచేవాళ్లు. ఆమె జీవితంలో దొరికిన గౌరవం అదొక్కటే.

నేను ఇంటరు అయినాక ఆళ్లగడ్డలో బస్టాండు వెనకనున్న చిన్న లేబరేటరీలో పని నేర్చుకోవడానికి చేరాను. దాన్ని నడిపే ఆయనను అందరిలాగే నేనూ చాచా అనేదాన్ని. ఆయనకు ముక్కు మీద కోపం. గాజు గొట్టం సరిగా కడగకపోతే తిట్టేవాడు, సరిగా కడిగితే ఎంతసేపు కడుగుతావని తిట్టేవాడు. ఆయనకొక అలవాటుంది. ఎవరు సీసా తెచ్చినా బిరడా తీసి, బిరడా అడుగు చూసి, సీసా మెడను వేలితో రాసి, "దీంట్లో ముందు ఏముండె?" అని అడగకుండా ముట్టుకునేవాడు కాదు. ఇది ఆయన చాదస్తాల్లో ఒకటనుకున్నాను.

ఒకరోజు అహోబిలం వైపు నుంచి ఒక ఆమె వచ్చింది. చాచా నమాజుకు పోయి ఉన్నాడు. నేను మందు పోసి, చుక్కలేసి, కాచాను. ఇటుక రంగు, అంటే నిండా చక్కెర. ఇంత గాఢమైన ఎరుపు నేను చేరిన తర్వాత చూడలేదు. చాచా రాగానే గొట్టం చూపించాను. ఆయన గొట్టం చూడనే లేదు, సీసా అందుకున్నాడు. మెడ చుట్టూ చీమలు. బిరడా తీస్తే జిగురు సన్నటి తీగలాగా సాగింది. ఏముండె అని అడిగాడు. "తేనె ఉండె సామీ, బాగానే వంచినా" అంది ఆమె. ఆయన దాన్ని తూములో పారబోసి, మా దగ్గర కాచి ఆరబెట్టిన సీసా ఇచ్చి, "పో తల్లీ, ఇంకోసారి పట్టుకోని రా" అన్నాడు. ఆమె పెరట్లోకి పోయి వచ్చింది. మళ్లీ కాచాను. నీలం. ఎంతసేపు కాచినా నీలమే.

దీపం ఆర్పాను. దండెం కింద తలకిందులుగా పెట్టిన మా ఇంటి సీసా కళ్ల ముందుకొచ్చింది, దాంతోపాటే నా ముక్కు మీద అక్క వేలు.

తర్వాతి సంతనాడు అక్కను ఏదో వంక చెప్పి ఆళ్లగడ్డకు పిలిపించాను. లేబరేటరీలో కాచిన సీసా ఇచ్చి పట్టి తెమ్మన్నాను. అన్నం పెట్టించి, తర్వాత మళ్లీ పట్టి తెమ్మన్నాను. రెండూ నీలం. చాచా నంద్యాలకు రక్తం పంపించి చూపించాడు, అదీ బాగానే ఉందని వచ్చింది. ఆ రోజు దీపం ముందు నిలబడి నీలంగా మిగిలిన గొట్టాన్ని అక్క చాలాసేపు చూసింది. "ఆ పొద్దు అందరివీ ఇట్లనే ఉన్నెమే" అంది. నేను తేనె సంగతి చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను, లేకపోతే ఏడుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. నర్సు పనికి వయసు ఎప్పుడో దాటిపోయింది. పెళ్లికీ అంతే. కొంగు చుట్టుకుని బెంచీ మీద కూర్చుని, "అమ్మకు చెప్పొద్దు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకెన్నాళ్లు తాగుతావు ఆ చేదు అని గట్టిగానే అడిగాను. చాచా బయటికి పోయాడు. అక్క గొంతు పెంచలేదు. "నాది ఎట్లనో పాయె. అమ్మదన్నా ఉండనీ" అంది. ఆ సీసా ఎంచింది తనేనని తెలిస్తే అమ్మ బతకదు. తన రసం దేనికీ కాదని తెలిస్తే, ఇన్నేళ్లు గుడిలో చెప్పిన సాక్ష్యం ఏమవుతుంది? బైబిలు మీద చేయి వేయించుకుని మాట తీసుకుంది నా దగ్గర.

ఆ తర్వాత అమ్మ చాలా ఏళ్లు బతికింది. నేను నంద్యాలకు మారాను, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఎప్పుడు ఊరికి పోయినా తెల్లవారి రోటి చప్పుడుకే మెలకువ వచ్చేది. దుప్పట్లోంచి చూస్తే అమ్మ గ్లాసు పట్టుకుని నిలబడి ఉండేది, అక్క తాగి బోర్లించి చూపించేది. లేని రోగానికి మందు అని తెలిసీ, ఒక్కరోజు కూడా మొగం చిట్లించకుండా తాగింది. కోతల పండుగకు అమ్మ సాక్ష్యం చెప్తుంటే పక్కనే తలవంచుకుని కూర్చునేది. నేను మాత్రం ఆ పండుగకు పోవడం మానేశాను. అమ్మ పోయేముందు అక్క చేయి పట్టుకుని, "నేను పోయినా రసం మానొద్దు తల్లీ" అంది. అవే ఆఖరి మాటలు. నిజం తెలియకుండా తృప్తిగా పోయింది. నాకు ఆ తృప్తి మీద కూడా కోపం వచ్చింది. పెద్దదాన్నయ్యాను కాబట్టి దాచుకోకుండా చెప్తున్నాను.

ఇప్పుడు అక్క నా దగ్గరే ఉంటుంది. మొన్న లేబరేటరీలో ఆ అమ్మాయి చీటీ చదివి, "షుగర్ అస్సలు ల్యా అవ్వా, స్వీట్లు బాగా తిను" అని హుషారుగా చెప్పింది. బయటికి రాగానే దుకాణంలో ఒక జిలేబీ ఇప్పించాను. ఇంక అడ్డుపడేవాళ్లెవరు? అక్క చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు బుగ్గన పెట్టుకుంది, కాసేపటికి కొంగులో ఉమ్మేసింది. "పడల్యా" అంది. ఆటో ఎక్కేముందు తోపుడుబండి దగ్గర ఆగి తడిమి తడిమి కాకరకాయలు ఏరుకుంది. మరుసటి పొద్దున మా వంటింట్లో మిక్సీ చప్పుడయింది. నేను పోయి చూసేసరికి గ్లాసు బోర్లించి ఉంది, చూసేవాళ్లెవరూ లేకపోయినా.

ఇప్పుడన్నీ మారిపోయాయి. సీసాలు పోయాయి, దీపాలు పోయాయి, ఆ ఘాటు వాసన పోయింది, చాచా కూడా పోయాడు. మంచిదే. సీలు వేసిన డబ్బా వచ్చాక ఏ తల్లీ ఇంట్లో సీసాలు ముందేసుకుని కూర్చోనక్కర్లేదు. అయితే నేను పని మానేసేవరకు, ఎవరి గొట్టం ఎర్రబడినా, డాక్టరమ్మలు విసుక్కున్నా, తెచ్చినవాళ్లు తిట్టుకున్నా, వాళ్ల చేతికి కాచిన సీసా ఇచ్చి ఒక్క మాట చెప్పకుండా కాగితం మీద ఏదీ రాయలేదు. ఇంకోసారి పట్టుకోని రా. ఇంతే మాట. దానికి చదువక్కర్లేదు, యంత్రమక్కర్లేదు, వరండాలో కూర్చున్న పిల్ల మొగం వైపు ఒకసారి చూస్తే చాలు. ఆ రోజు ఆ మాట మా అక్కతో ఎవరూ అనలేదు.